దేవుని చిత్తం పేరుతో వినిపించే ఐదు సలహాలు, వాటిని ఎందుకు వినకూడదు

హైదరాబాదు అశోక్ నగర్ హాస్టళ్లలో ఉంటూ చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షలకు పొద్దస్తమానం చదివే పిల్లల్లో క్రైస్తవ కుటుంబాల వాళ్లూ ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లు పెద్దల దగ్గరికి తెచ్చే ప్రశ్న ఒకటే: దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి? వచ్చిన చిన్న ఉద్యోగంలో చేరాలా, ఇంకో ఏడాది చదవాలా? ఇంట్లో చూసిన సంబంధానికి ఒప్పుకోవాలా? బాగ్ లింగంపల్లిలో కాపురమున్న తల్లిదండ్రులకు అప్పు చేసి ఫ్లాటు కొనడం గురించో, ఆపరేషను గురించో ఇదే సందేహం. ప్రశ్న మంచిది. దానికి దొరికే జవాబుల్లో కొన్ని మాత్రం, ప్రేమతో చెప్పినా, మనిషిని దారి తప్పిస్తాయి.

1. "కళ్లు మూసుకుని బైబిల్ తెరువు. వేలు పడిన వచనమే నీ జవాబు."

డిసెంబరు 31 రాత్రి కూడికలో వాగ్దాన కార్డు తీసుకోవడం మనకు ప్రియమైన అలవాటు. ఏడాది పొడుగునా ధైర్యం చెప్పే వాక్యం గోడ మీద ఉండటం మేలే. ఆ కార్డును చూసి ఉద్యోగం మానేయడం, ఇల్లు అమ్మేయడం వేరు. ఆ కార్డుల్లో తరచూ కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోని మాట. దాని ముందు వచనంలోనే డెబ్భై ఏళ్ల లెక్క ఉంది. అంతకు ముందు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని ఉంది. అధ్యాయమంతా చదివినవాడికి ఓపిక అలవడుతుంది. ఒక్క ముక్క చదివినవాడు వచ్చే నెల ఫలితాల్లో తన నంబరు కోసం చూస్తాడు, అది లేకపోతే దేవుడే మాట తప్పాడనుకుంటాడు.

2. "గుర్తు అడుగు. సోమవారంలోగా ఫోను వస్తే ఆ సంబంధం ఖాయం చేసుకో."

దీనికి గిద్యోను గొర్రెబొచ్చును సాక్ష్యం తెస్తారు. న్యాయాధిపతులు 6వ అధ్యాయం నిదానంగా చదవండి. చేయవలసింది ఏమిటో గిద్యోనుకు అప్పటికే స్పష్టంగా తెలుసు. భయపడి గుర్తు అడిగాడు, దేవుడు అతని భయాన్ని భరించాడు. అందరూ ఆ దారినే వెళ్లాలని అక్కడ లేదు. పెళ్లి విషయంలో ఫోను కోసం కాచుకోవడం కన్నా అబ్బాయి పనిచేసే చోట, వెళ్లే సంఘంలో విచారించండి. తాగుతాడా, అప్పులున్నాయా, కోపమొస్తే ఎలా ఉంటాడు, కట్నం అడుగుతున్నారా? అన్నిటికన్నా ముందు అమ్మాయిని అడగండి. ఈ విచారణకు బద్ధకించి దానికి విశ్వాసమని పేరు పెడితే, బరువంతా ఆ పిల్ల మోయాలి.

3. "తలుపు మూసుకుందంటే దేవుడికి ఇష్టం లేదన్నమాట."

2022 అక్టోబరు 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. అప్పుడు కుమిలిపోతున్న బిడ్డతో "ఇది నీకు దేవుని చిత్తం కాదేమో" అనడం కన్నా క్రూరమైన ఓదార్పు లేదు. పేపరు అమ్ముకున్నది మనుషులు. వాళ్ల పాపాన్ని దేవుడి ఖాతాలో రాయకండి. న్యాయం అడగడం కూడా ఆయన మనసుకు నచ్చిన పనే.

కొన్ని తలుపులు నిజంగానే ఆయన మూస్తాడు. అపొస్తలుల కార్యములు 16లో పౌలు బృందానికి ఆసియాలోనూ బితూనియలోనూ అడ్డంకే ఎదురైంది. కారణం చెప్పినట్టు అక్కడ లేదు. అయినా వాళ్లు నడుస్తూ త్రోయ చేరారు. అక్కడ దర్శనం వచ్చాక కూడా అందరూ కలిసి ఆలోచించుకునే మాసిదోనియకు బయలుదేరారు.

4. "దైవజనుడు చెప్పాడంటే దేవుడు చెప్పినట్టే."

పౌలు బోధనే బెరయ వాళ్లు రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు. ప్రవక్త మాట్లాడితే మిగతావాళ్లు వివేచించాలని కొరింథీ సంఘానికి పౌలే రాశాడు. కాబట్టి మీ పేరు పెట్టి ఎవరైనా ప్రవచనం చెబితే సరిచూడండి. అది భయపెడుతోందా? డబ్బు అడుగుతోందా? ఇంట్లోవాళ్లకు చెప్పొద్దంటోందా? అయితే పక్కన పెట్టండి.

మందులు మానేయమంటే అసలే వినకండి. హిజ్కియాకు స్వస్థత వాగ్దానం చేసిన యెషయాయే పుండు మీద అంజూరపు ముద్ద పెట్టమన్నాడు. పౌలు ప్రియ సహచరుడు లూకా వైద్యుడు. షుగరు ఉన్నవాళ్లు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరును అడగాలి. టీబీ మందులు వాడేవాళ్లు కోర్సు పూర్తి చేయాలి. మీ సంఘం మీకోసం ప్రార్థన చేస్తుంది, మాత్ర మీరే మింగాలి.

5. "ప్రార్థన చేసి ఊరుకో. ఆయనే చూసుకుంటాడు."

ఈ మాటకు సువార్తికుడు బక్త్ సింగ్ గారిని ఉదాహరణ చూపేవాళ్లున్నారు. గోల్కొండ చౌరస్తాలోని ఆయన సంఘం హెబ్రోను మనకు నడిచి వెళ్లేంత దూరం. 2000 సెప్టెంబరు 17న ఆయన కన్నుమూశారు, నారాయణగూడ సమాధుల తోటలో ఉన్నారు. జీతం తీసుకోకుండా, తన అవసరాలు దేవుడికి తప్ప మనుషులకు చెప్పకుండా బతికిన మాట నిజమే. కానీ ఆయన జీవితం మొత్తం చూడండి. పంజాబులో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, 1929లో కెనడాలో క్రీస్తును నమ్మారు. 1933లో తిరిగొచ్చి వీధుల్లో సువార్త చెప్పారు. 1941లో పల్లావరం కొండ మీద తోటివాళ్లతో రాత్రంతా ప్రార్థించారు. ఆ కొండ దిగి మద్రాసులో సంఘం మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలో కనిపెట్టిన చోటల్లా ఆ వెంటనే చెమట ఉంది, పక్కన తోటివాళ్లు ఉన్నారు.

నెహెమ్యా కూడా అంతే. నెలల తరబడి ప్రార్థించినవాడే రాజు ముందు నిలబడి దారికి కావలసిన ఉత్తరాలు, కట్టడానికి కలప అడిగాడు. యెరూషలేము చేరాక రాత్రివేళ గోడలు స్వయంగా చూసొచ్చాడు.

మరి ఏం చేయాలి?

ముందుగా దేవుడు ఇదివరకే స్పష్టంగా చెప్పినదానికి లోబడండి. లంచమిచ్చి ఉద్యోగం కొనాలా అన్నదానికి ప్రార్థన అక్కర్లేదు. తర్వాత వాక్యాన్ని రోజూ వరుసగా చదవండి, అవసరం పడినప్పుడు మాత్రమే వెతుక్కోకుండా. జ్ఞానం అడగండి. ఇస్తాడని యాకోబు పత్రికలో ఉంది. మీకు నచ్చని మాట చెప్పగల ఇద్దరు పెద్దలను సంప్రదించండి. లెక్క కాగితం మీద వేయండి, గోపురం కట్టేవాడు ముందు ఖర్చు చూసుకోవాలని యేసే చెప్పాడు. ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకు నిర్ణయం తీసుకోండి.

తప్పు నిర్ణయమైతే? ఈ భయమే చాలామందిని గుర్తుల వెంట తిప్పుతోంది. బొంకిన పేతురును మళ్లీ పిలిచి మందను అప్పగించిన దేవుడు, మంచి మనసుతో ఎంచుకుని పొరబడిన బిడ్డను వదిలేస్తాడా? మనం సరిగ్గా ఊహించగలమన్న నమ్మకం మీద కాదు, ఆయన వదలడన్న నమ్మకం మీద అడుగు వేస్తాం. కనుక వేయండి.