రగడ సారు

మా ఇంటి ఓనరు సారుకు రాపు పడదు. ఈ సంగతి మంకమ్మతోటలో తెలియనివాళ్లు లేరు, ఆయనే తిరిగి చెప్పి పెట్టాడు. ఉట్నూరు, ఆసిఫాబాద్, జగిత్యాల బళ్లలో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. కరీంనగర్‌లో ఇట్లాంటివాళ్లు వాడకొకరుంటారు. సినిమాలు పడవు గానీ అని మొదలుపెట్టి ఒక్క సినిమా గురించి గంటసేపు చెబుతారు. మనిషంతా ఆ ‘గానీ’లోనే ఉంటాడు. మా సారు ‘గానీ’ పేరు ఎమినెమ్, అమెరికా రాపు గాయకుడు.

ఇదంతా లాక్‌డౌన్‌లో మొదలైంది. మనుమడు స్పీకర్ మోగిస్తుంటే బంద్ చేయించడానికి సారు లుంగీ ఎగ్గట్టి లేచాడు. గడప దగ్గరే ఆగిపోయాడు. కుడిచేతి బొటనవేలు తక్కిన వేళ్ల కణుపుల మీద పరుగెత్తడం మొదలుపెట్టింది.

“తాతా, ఏం లెక్కబెడ్తున్నవ్?”

“మాత్రలు.”

“పొద్దుగాలనే ఏసుకున్నవ్ గద!”

లఘువు ఒక మాత్ర, గురువు రెండు అని పిల్లవాడికి ఆనాడు జరిగిన క్లాసు రాత్రి అన్నాల దాకా నడిచింది. చివర తీర్పు: “ఇది రాపు కాదురా. రగడ.” రగడ అంటే జగడమే కాదు, ఛందస్సు కూడా. పాల్కురికి సోమనాథుడు బసవ రగడ రాశాడు. రెండేసి పాదాలకు అంత్యప్రాస పడి తీరాలి. ఆ పేరు పెట్టుకున్నాక సారు మనసు కుదుటపడింది. రాపు మీద కోపం కోపంగానే ఉంది, ఎమినెమ్ మాత్రం సోమనాథుడి ఖాతాలో జమైపోయాడు.

2013లో వచ్చిన ‘రాప్ గాడ్’ పాట ఆరు నిమిషాల నాలుగు సెకన్లు. అందులో 1,560 మాటలున్నాయని గిన్నిస్ వాళ్లు లెక్కకట్టారు. సారు దాన్ని తురగవల్గన రగడ అంటాడు. ఒక్కో సాయంత్రం హరిణగతి అంటాడు. ఆయనకు ముద్దొచ్చేది వేగం కాదు. ఇంగ్లీషులో ‘ఆరెంజ్’కు ప్రాస దొరకదని అందరూ అంటుంటే, 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆ పిల్లవాడు డోర్ హింజ్, స్టోరేజ్, పోరిడ్జ్ అని పలుకు వంచి వరసగా జత కట్టాడు. “నిఘంటువుల లేని చుట్టరికం నోటితోని కలిపిండు,” అని సారు కళ్లు మూసుకుంటాడు. ఒగ్గుకథ మిద్దె రాములు గురించి చెప్పేటప్పుడూ ఆ కళ్లు అట్లనే మూతపడతాయి.

కోడలు మాత్రం ఊరుకోలేదు. “మామా, ఆడోళ్లను ఎంతెంత మాటలంటడో మీకు సమజైతుందా?” ఆ మాట అన్నది ఆమె ఒక్కతే కాదు. 2001లో గ్రామీ వేడుక బయట జనం ధర్నా చేశారు. ఆ రాత్రే లోపల ఎల్టన్ జాన్ అతనితో కలిసి పాడాడు. సారు వేములవాడ భీమకవిని అడ్డం పెట్టుకున్నాడు. తిట్టుకవిత్వంలో ఘనుడు, పైగా మనోడు. (గోదావరి వాళ్లూ మావాడే అంటారు. ఆ పేచీ సారు ముందు ఎత్తొద్దు.)

“భీమకవిని మనం స్పీకర్ల పెడ్తలేం గద మామా,” అంది కోడలు.

నాకైతే ఆమెదే న్యాయమనిపించింది. సారుకూ అనిపించిందేమో, మర్నాడు టవర్ సర్కిల్‌కు పోయి ఇయర్‌ఫోన్లు కొనుక్కొచ్చాడు.

సారు ఇల్లాలు పెద్దమ్మకు ఛందస్సు పట్టదు. ఆమె పట్టుకున్నది కథ. ఎమినెమ్‌ను పసితనంలోనే తండ్రి విడిచిపోయాడు. పెద్దయ్యాక కొడుకు తల్లిని పాటల్లో తిట్టాడు. తల్లి 1999లో కోటి డాలర్లకు పరువు నష్టం దావా వేసింది, చివరికి 25,000కు రాజీ పడ్డారు. ఇదంతా మనుమడి నోట విన్ననాటి నుంచి చాయ్ ఇస్తూ సీరియల్ సంగతి అడిగినట్టు అడిగేది: “ఆ పిలగాడు వాళ్లమ్మతోని మాట్లాడుతాండా?” 2013 ఆల్బంలో ‘హెడ్‌లైట్స్’ అనే పాట కట్టి తల్లికి క్షమాపణ చెప్పుకున్నాడని తెలిసిన రోజు, సారుకు అడగకుండానే రెండో చాయ్ దొరికింది.

2024 డిసెంబర్‌లో మనుమడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. సారు ఇయర్‌ఫోన్లు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“డెబ్బీ పోయిందట.”

“ఎవలు? మనకు తెలిసినోళ్లా?” వంటింట్లోంచి పెద్దమ్మ.

“ఆ పిలగాని తల్లి.”

కాసేపు గిన్నెల చప్పుడు ఆగింది.

“అయ్యో... మరి తానం చెయ్యాల్నా?”

సారు బొటనవేలు కణుపుల మీద ఒకసారి నడిచింది. చుట్టరికం ఎంత దూరమో లెక్క తేలలేదు.

“జెర కాళ్లు కడుక్కుంట,” అని లేచాడు.