కరెంటు పోయిన ఊళ్లో నేను: ఒక చేతిపంపు ఆత్మకథ

నన్ను మీరంతా బోరింగు అంటారు. కాగితాల మీద నా పేరు ఇండియా మార్క్-2 చేతిపంపు. విశాఖపట్నం కంచరపాలెంలో ఒక ఇరుకు సందు మలుపు దగ్గర, సిమెంటు గట్టు మీద ఉంటాను.

మా జాతి కరువులోంచి పుట్టింది. 1960ల చివర్లో బావులు ఎండిపోయినప్పుడు దేశమంతటా రాతినేలల్లో లోతుగా బోర్లు వేశారు. వాటికి బిగించిన పోత ఇనుప పంపులు ఒక ఇంటి వాడకానికి సరిపోయేవే గాని, ఊరంతా కొడితే నిలిచేవి కావు. షోలాపూర్‌లో తయారైన గట్టి పంపును ఆధారం చేసుకుని, యూనిసెఫ్ తోడ్పాటుతో 1970లలో మా నమూనాను రూపొందించారు. పిడికి గొలుసు, గొలుసుకు కడ్డీలు, కడ్డీల చివర నీటిలో మునిగి ఉండే సిలిండరు, దానిలో వాషర్లు. నా ఒళ్లంతా ఇంతే. నలభై సార్లు కొడితే ఇంచుమించు ఒక బిందె నిండుతుంది. నాలో కరెంటు తీగ ఒక్కటీ లేదు.

నేను వయసులో ఉన్నప్పుడు తెల్లవారుజామునే బిందెలు బారులు తీరేవి. పెళ్లి సంబంధాలు, పిల్లల మార్కులు, అత్తాకోడళ్ల గొడవలు అన్నీ నా గట్టు మీదే వినేదాన్ని. తర్వాత ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి. పెంకుటిళ్లు పోయి అపార్టుమెంట్లు లేచాయి. ప్రతి మేడ మీదా నల్ల ట్యాంకు, కింద ఒక మోటారు. స్విచ్చి వేస్తే నీళ్లు పైకి ఎక్కేవి. ఆడవాళ్ల భుజాల మీది బరువు దిగినందుకు నాకూ సంతోషమే. బారు లేకపోయినా నేను పాడైపోలేదంటే అది మా సందులోని ఒక పెద్దాయన చలవ. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఏడాదికోసారి మెకానిక్‌ను పిలిపించి వాషర్లు మార్పించేవాడు, గొలుసుకు గ్రీజు పూసేవాడు. "ఎవరు కొడతారు మావయ్యా ఇప్పుడీ బోరింగు?" అని కుర్రాళ్లు అడిగితే, "కొట్టాల్సిన రోజు వస్తే ఉండాలి కదరా" అనేవాడు.

ఆ రోజు 2014 అక్టోబరు 12, ఆదివారం. సరిగ్గా ఏడాది కిందట అదే తేదీన ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఈసారి హుద్‌హుద్ నేరుగా మా ఊరి మీదికే వచ్చింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. మధ్యలో కాసేపు అంతా ఆగిపోయింది. తుపాను కన్ను మా మీదుగా వెళుతోందని తెలియక, గండం గడిచిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. ఇంతలో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. వేప, తురాయి చెట్లు వేళ్లతో సహా కూలాయి. కరెంటు స్తంభాలు తీగలతో కలిసి రోడ్ల మీదికి ఒరిగాయి. మేడల మీది ఖాళీ ట్యాంకులు ఎగిరిపోయాయి.

మర్నాడు తెల్లవారాక అసలు కష్టం మొదలైంది. ఈ నగరానికి నీళ్లు ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డల నుంచి వస్తాయి. అవి శుద్ధి కావాలన్నా, ఎత్తైన రిజర్వాయర్లకు ఎక్కాలన్నా, మీ ఇంటి సంపు నుంచి మేడ మీదికి చేరాలన్నా పంపులే దిక్కు, ఆ పంపులకు కరెంటే దిక్కు. కరెంటు పోతే దీపం ఆరిపోతుందనే అందరూ అనుకుంటారు. కుళాయి కూడా ఆరిపోతుందని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

మా సందులో మళ్లీ బారు కట్టారు. బిందెలే కాదు, పెయింటు డబ్బాలు, కూల్‌డ్రింకు సీసాలు, చివరికి ప్రెషర్ కుక్కర్లు కూడా పట్టుకొచ్చారు. "అప్పా, నాకు రెండు బిందెలే చాలు, పసిగుడ్డు ఒక్కతే ఉంది ఇంట్లో" అని ఒక బాలింత అడిగితే బారంతా పక్కకు జరిగింది.

విపత్తులో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు కావాలని సహాయ సంస్థలు లెక్క కడతాయి. నలుగురున్న ఇంటికి 60 లీటర్లంటే 60 కిలోల బరువు. లిఫ్టు ఆగిపోయిన అపార్టుమెంటులో నాలుగో అంతస్తు దాకా ఆ బరువును మోసింది ఎక్కువగా ఆడవాళ్లే. కూలికి పోవాల్సిన పూట బారులో గడిచిపోతే ఆ ఇంటికి ఆ రోజు కూలి లేదు. డబ్బున్నవాళ్లు జనరేటరు అద్దెకు తెచ్చి ట్యాంకు నింపుకోగలిగారు. లేనివాళ్లకు చేతులే జనరేటర్లు అయ్యాయి.

నా గట్టు మీద విన్న మాటలు పేపర్లలో రావు. మరుగుదొడ్డికి నీళ్లు చాలవని, మెట్లెక్కి మోసుకొచ్చే కోడలికి భారం కాకూడదని, ఒక ముసలావిడ దాహమేసినా తాగకుండా ఉండేది. నెలసరి రోజుల్లో ఉన్న ఆడపిల్లలు స్నానానికి ఒక బకెట్టు దొరక్క తల్లుల చెవిలో చెప్పుకుని ఏడ్చారు. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ సీసాను ఏం చేయాలో తెలియక ఒకాయన కంగారు పడితే, దాన్ని కవరులో చుట్టి మట్టికుండ చల్లదనంలో ఉంచమని నర్సుగా పనిచేసే పక్కింటావిడ చెప్పింది. నెబులైజరు పనిచేయక ఆయాసపడే పిల్లాణ్ణి తండ్రి రాత్రంతా భుజం మీద వేసుకుని తిరిగాడు. సెల్ టవర్లు మూగబోయి, హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న పిల్లలకు ఇక్కడి తల్లిదండ్రులు ఉన్నారో లేరో తెలియలేదు. తుపాను కొట్టిన దెబ్బలు కంటికి కనిపిస్తాయి. నీళ్లూ వెలుగూ లేక మనిషి లోపల పడే అలసట, సిగ్గు, భయం ఎవరి నష్టపరిహారం లెక్కలోకీ రావు.

ఒక్క నిజం కూడా చెప్పాలి. చేతిపంపు నీళ్లన్నీ తాగదగినవి కావు. పక్కన మురుగు కాలువ పొంగితే, గట్టు పగిలితే, ఆ మురికి బోరులోకి దిగుతుంది. మా పెద్దాయన ఆ మాటే బారులో అందరికీ చెప్పేవాడు: వాడకానికి నేరుగా పట్టుకోండి, తాగేవి మాత్రం బాగా మరిగించండి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి.

పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యుత్తు సిబ్బంది రాత్రింబవళ్లు స్తంభాలెత్తారు. ఒక పేట తర్వాత ఒక పేటలో వెలుగొచ్చింది. మోటార్లు మళ్లీ మోగాయి, నా దగ్గర బారు తగ్గింది. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. అది మంచి పని. అయితే ఈ కష్టం మా ఊరితోనే ఆగలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు లైన్లనూ నేలకూల్చింది. కిడ్నీ జబ్బు ఇంటింటి కథైన ప్రాంతం అది. ఒక్కసారి డయాలసిస్‌కు వంద లీటర్లకు పైగా శుద్ధమైన నీళ్లు కావాలి, యంత్రానికి కరెంటు కావాలి. గాలి ఒక్కటే శత్రువు కూడా కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ల చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. పడవల మీద, డ్రోన్ల మీద సీసాలు పంపాల్సి వచ్చింది. అలాంటి వరదలో నాలాంటివీ మునిగిపోతాయి. అందుకే ఒక్క ఏర్పాటును నమ్ముకుని ఏ ఊరూ బతకకూడదు.

ఇన్నేళ్లు మీ మధ్య నిలబడి నేను తెలుసుకున్నది ఇదే: నీటి సరఫరాను కరెంటు నుంచి విడదీసి ఆలోచించని విపత్తు ప్రణాళిక సగం ప్రణాళికే. రిజర్వాయరు పంపులకూ ఆసుపత్రులకూ సిద్ధంగా జనరేటర్లు ఉండాలి. ప్రతి వీధికీ కరెంటు అక్కర్లేని నీటి వనరు ఒకటైనా ఉండాలి, వరద వచ్చే చోట దాని గట్టు ఎత్తుగా ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నింపుకోండి, మేడ మీది ట్యాంకును నింపి బిగించండి. మందుల మీద ఆధారపడ్డవాళ్లు, నీళ్లు మోయలేని వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో మీ వీధిలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. మీ వీధి మలుపులో తుప్పు పట్టిన బోరింగు ఉంటే ఈ వారమే ఒకసారి కొట్టి చూడండి. నీళ్లు రాకపోతే వాషర్లు మార్పించండి.