‘ఒకసారి కలుద్దాం రా’: టీకా, తాత్పర్యం

మూలం: “అందరం ఒకసారి కలుద్దాం రా. ఎక్కడైనా ఓకే. మీరే ఫిక్స్ చేయండి.”

అవతారిక. పదో తరగతి సహాధ్యాయుల, పాత ఆఫీసు మిత్రుల, అపార్ట్‌మెంటు ఇరుగుపొరుగుల వాట్సాప్ గ్రూపుల్లో చిన్న చిన్న మార్పులతో తరచు దర్శనమిచ్చే ఈ మూడు వాక్యాల గద్యానికి ఇంతవరకు సమగ్రమైన వ్యాఖ్యానం లేకపోవడం శోచనీయం. దీని కర్త ఫలానా అని నిర్ణయించడం కష్టం. ప్రతి గ్రూపులోనూ ఒక పెద్దమనిషి, సాధారణంగా తనకు తీరిక లేదన్న కీర్తిని శ్రద్ధగా కాపాడుకుంటూ వస్తున్నవాడు, ఇది తన సొంత రచనే అన్నంత గాంభీర్యంతో దీన్ని ప్రకటించి, వెంటనే అంతర్ధానమవుతాడు. రచనాకాలం విషయంలో మాత్రం వివాదం లేదు: ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు ముగిసిన మరుక్షణం గానీ, ఎవరో స్కూలు నాటి గ్రూప్ ఫోటో పెట్టిన రాత్రి గానీ ఇది పుడుతుంది. పాఠాంతరాలున్నాయి. కోస్తా ప్రతుల్లో ‘రా’కు బదులు ‘బాబాయ్’ అనీ, హైదరాబాదు ప్రతుల్లో ‘మామా’ అనీ, మహిళల గ్రూపుల్లో ‘కలుద్దామే’ అనీ కనిపిస్తుంది. ఏ పాఠం గ్రహించినా ఫలితంలో భేదం లేదు.

దుర్వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికి ‘సంజీవని’ రాస్తున్నట్టు మల్లినాథసూరి చెప్పుకున్నాడు. మెదక్ సీమలోని కొలిచారం వాడైన ఆ మహానుభావుడి ఊరి పక్కనుంచే ఇప్పటి మిత్రబృందాలు ‘వీకెండ్’ అంటూ కార్లలో సాగిపోతుంటాయి గనుక ఆయన్ను స్మరించడం ఉచితమే. అయితే ఒక తేడా ఉంది: అక్కడ మూర్ఛకు వ్యాఖ్య కారణం, ఇక్కడ మూలమే కారణం.

ప్రతిపదార్థం. ‘మీరే ఫిక్స్ చేయండి’ అన్నది స్పష్టం. ‘ఓకే’ ప్రసిద్ధం. ‘రా’ సంబోధనార్థకం. ఇక విచారించవలసినది ‘కలుద్దాం’.

ఏదైనా చేయమని చెప్పే వేదవాక్యాన్ని మీమాంసకులు విధి అంటారు. ఆ పనిని పొగిడి, చేయబోయేవాడికి ఉత్సాహం పుట్టించడానికి మాత్రమే పనికివచ్చే వాక్యాన్ని అర్థవాదం అంటారు. ‘కలుద్దాం’ అన్న మాట విన్న తరువాత ఎవరూ కలిసిన దాఖలా లేదు కనుక ఇది అర్థవాదమేనని పూర్వపక్షం. అది నిలవదు, అర్థవాదం పొగడడానికి దగ్గరలో ఒక విధి ఉండాలి, ఈ గ్రూపుల చరిత్ర మొత్తం పైకి జరిపి చూసినా విధి అన్నది ఒక్కటీ దొరకదు. కాబట్టి దీన్ని విధిగానే అంగీకరించి, ఏ జాతి విధో నిర్ణయించాలి. విధులు నాలుగు: ఫలానా కర్మ ఉన్నదని మాత్రమే తెలిపేది ఉత్పత్తి విధి, ఆ కర్మకు ఏ సామగ్రి, ఏ అంగాలు కావాలో చెప్పేది వినియోగ విధి, దాని ఫలం ఎవరిదో, ఎవరు చేయడానికి అర్హులో చెప్పేది అధికార విధి, వీటన్నిటినీ జతపరచి, వరుస తప్పకుండా, ముఖ్యంగా ఆలస్యం లేకుండా చేయించేది ప్రయోగ విధి. ‘కలుద్దాం’ కేవలం ఉత్పత్తి విధి. కలయిక అనే కర్మ ఒకటి లోకంలో ఉన్నదని అది తెలుపుతుంది. ఈ సంగతి తెలియనివాడు గ్రూపులో ఒక్కడూ లేడు.

‘అందరం’. ఈ పదం దగ్గర కొంత ఆగక తప్పదు, ఎందుకంటే కలయికలు చచ్చిపోయేది ఇక్కడే. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల పన్నెండు అధ్యాయాల్లో పదకొండవదానిలో కపింజలాధికరణమని ఒకటుంది. కపింజలం కౌజుపిట్ట జాతి పక్షి. వసంతదేవతకు ‘కపింజలాలను’ సమర్పించాలని శ్రుతి చెప్పింది గానీ ఎన్నింటినో చెప్పలేదు. బహువచనం వాడింది కాబట్టి మూడు మొదలుకొని నూరైనా వెయ్యైనా కావచ్చు, యజమాని ఓపిక అని పూర్వపక్షి వాదం. ఆచార్యులు ఒప్పుకోలేదు. బహువచనం మూడుతోనే సార్థకమైంది. మూడు దాటిన తరువాత ప్రతి పక్షినీ ఎందుకు చంపావని అడిగితే చూపడానికి శాస్త్రం లేదు. కనుక మూడే అని సిద్ధాంతం చేశారు. ఈ నిర్ణయంలో ఉన్న అందం కాస్త నిదానంగా చూడదగ్గది. యజ్ఞం పెద్దదైతే పుణ్యం పెద్దదవుతుందనే ఆశను మనిషి మనసు నుంచి తీసేయడం ఎంత కష్టమో తెలిసిన పెద్దలు, వ్యాకరణం ఎంతవరకు నడిపిస్తే అంతవరకే నడిచి, అక్కడ ఆగడమే ధర్మమన్నారు. ఒక్క బహువచన ప్రత్యయం దగ్గర అంత శ్రమపడి ఆగి, కాపాడిన పక్షుల ప్రాణాల లెక్క భారతీయ తర్కం చేసిన మంచి పనుల్లో చేర్చదగినది. సంస్కృతంలో ఇద్దరికి ద్వివచనం వేరే ఉన్నందువల్ల బహువచనం మూడు దగ్గర మొదలైంది. తెలుగుకు ద్వివచనం లేదు, ఇద్దరు చేరితే చాలు ‘మేము’, ‘మనం’ తయారు. కపింజల న్యాయాన్ని తెలుగులో నడిపితే ఇద్దరితోనే కర్మ పూర్తవుతుంది. ఈ ఒక్క విషయంలో తెలుగు సంస్కృతం కంటే స్నేహానికి అనుకూలమైన భాష.

ఇంత సుళువు ఉండగా, నలభై మంది ఉన్న గ్రూపులో నలభై మందికీ కుదిరే ఆదివారం కోసం పోల్ పెట్టి, ఒకరికి అత్తగారి ఊరు, ఒకరికి పిల్లవాడి ఎంట్రన్స్ పరీక్ష, ఒకరికి నైట్ షిఫ్ట్ అని తేలాక ‘వచ్చే నెల చూద్దాం’ అని మూసేయడం ఏ శాస్త్రం? అరగంట దూరంలో కాపురముంటూ పెళ్లి రిసెప్షన్ల క్యూలోనూ, ఎవరైనా పోయిన పదో రోజునా తప్ప ఒకరి ముఖం ఒకరు చూడని స్నేహితులు ఒకే ఊళ్లో ఎంతమంది! రానివాళ్లు నొచ్చుకుంటారని సాకు. ఇద్దరు ముగ్గురు టీ తాగి వస్తే నొచ్చుకునేవాడు కనీసం ఆ బాధతోనైనా రెండోసారికి వస్తాడు. ఎవరూ ఎక్కడికీ వెళ్లకపోతే నొచ్చుకునే అవకాశం కూడా ఎవరికీ లేదు.

‘ఎక్కడైనా’. ఉదారతగా వినిపించే ఈ పదం బాధ్యతా పరిత్యాగాన్ని సూచిస్తుంది. కలయికలో శ్రమంతా చోటు చెప్పడంలోనే ఉంది. దూరమన్నా, పార్కింగ్ లేదన్నా, బిర్యానీ బాగాలేదన్నా చోటు చెప్పినవాడే మాట పడాలి. ఆ మాట పడకుండా ఉండటానికే ‘ఎక్కడైనా’. నిజానికి చోట్లకు కరువు లేదు. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ దుకాణాలు మూసి ఉండగా వాటి ముందరి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇద్దరు మిత్రులకు ఒక పూట గడవడానికి అంతకంటే చవకైన స్థలం అరుదు. 1908లో మూసీ వరద ఊరిని ముంచిన తరువాత కట్టి, 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువుంది. విశాఖలో బీచ్ రోడ్డున మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని నడవవచ్చు, రాజమండ్రిలో గోదావరి గట్టుంది, బెజవాడ వాళ్లకు పడవెక్కితే భవానీ ద్వీపం. వీటిలో దేనికీ ముందుగా టేబుల్ బుక్ చేయనక్కరలేదు. కాని ‘ఎక్కడైనా’ అన్న పెద్దమనిషికి వీటిలో ఒకటి చెప్పి చూస్తే, ఆ పదానికి రిసార్ట్ అని అర్థమని అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ప్రసంగవశాత్తు కార్తీక వనభోజనాలను స్మరించాలి. మాసం కార్తీకం, చెట్టు ఉసిరి, పదార్థాల్లో పులిహోర తప్పదు, పిల్లలకు ఆటలు, పెద్దలకు చెట్టు నీడన కునుకు: కర్మను ఎలా చేయాలో తెలిపే వివరాలను మీమాంసకులు ఇతికర్తవ్యత అంటారు, వనభోజనానికి అదంతా ముందే నిర్ణయమై ఉంది. ఎవరూ ‘ఎక్కడైనా ఓకే’ అనలేదు గనుకనే అది ఇన్ని తరాలు జరిగింది. అటువంటిదాన్ని తీసుకుపోయి, కుల సంఘాలు ‘వన సమారాధన’ పేరిట ఫ్లెక్సీలు కట్టి, ఉసిరి చెట్టును కుండీలో తెప్పించి వేదిక పక్కన నిలబెట్టి, రెండు గంటలు నాయకుల ఉపన్యాసాలు వినిపించి అన్నం పెడుతున్నాయి. ఒకప్పుడు వీధి వీధంతా కలిసి బండి కట్టుకుని వెళ్లినచోట ఇప్పుడు పక్కింటివాడు ఒక తోటకు, ఎదురింటివాడు మరొక తోటకు వెళ్తున్నారు. ఇద్దరూ తిరిగొచ్చి లిఫ్టులో కలిసినప్పుడు ‘మనం కూడా ఒకసారి కలవాలండీ’ అనుకుంటున్నారు. దీనికి వ్యాఖ్య రాయడం వ్యాఖ్యాతకు కూడా రోత.

ప్రకృతం. మూలవాక్యానికి గ్రూపు ఇచ్చే సమాధానం బొటనవేలు బొమ్మ. కఠోపనిషత్తు హృదయంలో ఉండే పురుషుణ్ని అంగుష్ఠమాత్రుడని వర్ణించింది, అంటే బొటనవేలంత పరిమాణం గలవాడు. ఈ గ్రూపుల్లో సభ్యులు బొటనవేలు తప్ప మరేమీ కానివారు అన్న అర్థంలో అంగుష్ఠమాత్రులు. ఆ వేలు సమ్మతినీ, చదివానన్న సంగతినీ, రానన్న నిశ్చయాన్నీ సమానంగా ధ్వనిస్తుంది. అరుదుగా కలయిక కుదిరిన రోజున వచ్చే ‘దారిలో ఉన్నా’ అన్న సందేశం లక్షణకు ఉదాహరణ. లక్షణ అంటే వాచ్యార్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్ని గ్రహించడం. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని చెప్పుకున్నట్టే, దారిలో ఉన్నా అంటే స్నానానికి వెళ్తున్నానని గ్రహించాలి.

ఇంతకుముందు ‘మీరే ఫిక్స్ చేయండి’ స్పష్టమని చెప్పి దాటవేయడం జరిగింది. కఠినమైన చోట ‘స్పష్టం’ అని రాసి సులభమైన చోట పుటలు నింపడం వ్యాఖ్యాతల ఆచారమే అయినా, ఈ వాక్యంలో కర్త ఎవరో తేలకపోతే మిగతాదంతా వ్యర్థం. ‘మీరే’ అంటే ఎవరు? నలభై మందిలో ప్రతివాడూ మిగిలిన ముప్పై తొమ్మిది మంది అనుకుంటాడు. ఆ విధంగా ఈ బహువచనం లోకంలో ఎవరినీ సూచించని ఏకైక సర్వనామమవుతుంది. ప్రయోగ విధి లేని కర్మ అలాగే ఆగిపోతుంది.

తాత్పర్యం. మూలాన్ని ఇలా సవరించి చదువుకోవాలి: “శనివారం సాయంత్రం ఐదున్నరకు పార్క్ గేటు ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌లో నేనూ శీనూ ఉంటాం. వచ్చేవాళ్లు రండి.” ఇందులో కాలం, దేశం, సామగ్రి, అధికారం అన్నీ ఉన్నాయి, ఇద్దరితో తెలుగు బహువచనమూ తీరింది, ఎవరి అనుమతీ అక్కరలేదు. దీనికి గ్రూపులో వచ్చే మొదటి స్పందన ‘ఆదివారమైతే బాగుండేది’. దానికి జవాబు రాయకుండా ఐదింటికి చెప్పులు వేసుకోవాలని సంప్రదాయజ్ఞులు.