వరస తెలిసిన బాబాయ్

తాడేపల్లిలో అపార్ట్‌మెంటుకొక బాబాయ్ ఉంటాడు. ఎప్పుడో బెజవాడలో పీహెచ్‌పీ నేర్చుకుని, చుట్టుపక్కల షాపులకు వెబ్‌సైట్లు కట్టి, రోజూ బ్యారేజీ దాటే బాధ లేకుండా బాల్కనీలోనే లుంగీతో ఉద్యోగం చేసుకునే రకం.

ఈయన ఏ ఫంక్షన్‌నీ పేరు పెట్టి పిలవడు. మొగుడి పేరు చెప్పని పాతకాలపు ఇల్లాలికైనా అంత మొహమాటం ఉండదు. పేరు ఒక వేరియబుల్‌లో, ఇవ్వాల్సిన సరుకంతా ఒక అర్రేలో పెట్టి, రెంటినీ ‘కాల్_యూజర్_ఫంక్_అర్రే’ చేతికి అప్పగిస్తాడు. అది అర్రేని విప్పి మొదటిది మొదటి ఆర్గ్యుమెంటుకి, రెండోది రెండోదానికి వరసగా అందిస్తుంది. పీహెచ్‌పీ 4 నాటి సదుపాయం. ఏ ఫంక్షన్ నడవాలో ముందుగా తెలియని ప్లగిన్లకీ రూటర్లకీ అది నిజంగా అవసరమే. బాబాయ్ జీఎస్టీ కూడడానికి కూడా అదే వాడతాడు.

“నేరుగా రాయొచ్చుగా బాబాయ్?” అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు.

“రేపు తీసివేత అడిగితే?”

ఆ ఫంక్షన్ పేరైనా సొంతంగా పెడతాడా అంటే, యూఆర్‌ఎల్‌లో ఏది వస్తే అది. ఎవడైనా అక్కడ డిలీట్ అని కొడితే గతేంటి? “మన మిర్చి సైటు మీద ఎవడి కళ్లు పడతాయిరా!” అంటాడు. అనుమతించిన పేర్ల జాబితా ఒకటి పెట్టుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఆయనకి తీరదు.

2014లో పీహెచ్‌పీ 5.6 వచ్చి, అర్రే ముందు మూడు చుక్కలు పెడితే చాలు, అదే విచ్చుకుంటుందంది. “చుక్కలు ముగ్గుల్లో బాగుంటాయి” అని బాబాయ్ తీర్పు.

ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఇస్త్రీ బట్టలు, కరెంటు బిల్లు, చెప్పుల రిపేరు అన్నీ ఒకే సంచిలో వేసి గుమ్మానికి తగిలిస్తాడు. ఎవరికని పిన్ని అడిగితే, ఎవరొస్తే వాళ్లకి. ఓసారి కరెంటు బిల్లు మడత నలగకుండా ఇస్త్రీ అయి వచ్చింది. దానికి చొక్కా రేటే తీసుకున్నాడట.

గుంటూరు మిర్చి వ్యాపారి సైటుది ఇంకో కథ. ఫారంలో రకం, టిక్కీలు, క్వింటా ధర అని మూడు గళ్లు. ఫారం నుంచి వచ్చిన అర్రేని వచ్చినట్టే ఫంక్షన్‌కి తోసేవాడు. అర్రేలో ప్రతి విలువకీ పేరు ఉన్నా పాత పీహెచ్‌పీ దాన్ని చూడదు, వరసే చూస్తుంది. కుర్రాడు అందం కోసం ధర గడిని పైకి జరిపాడు. మర్నాడు సైటులో తేజ రకం క్వింటా అరవై రూపాయలు, సరుకు వేల టిక్కీలు! యార్డు యార్డంతా ఫోన్లు.

2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 ఆ పేర్లను పట్టించుకోవడం మొదలెట్టింది. ఎవరి పేరున్నది వాళ్లకే చేరుతుంది, గళ్లు ఎలా జరిపినా దిగులు లేదు. కాకపోతే బాబాయ్ ఫారంలో ‘రేట్’ అనీ, ఫంక్షన్‌లో ‘ప్రైస్’ అనీ రాసుకున్నాడు. సర్వర్ మారిన రోజే ‘అన్‌నోన్ నేమ్డ్ పెరామీటర్’ అంటూ సైటు కూలబడింది. ఒక్క పేరు దిద్దితే పోయేదానికి, ‘అర్రే_వాల్యూస్’ తగిలించి పేర్లన్నీ పీకేశాడు.

“అయ్యో, పేర్లుంటేనే కదా బాబాయ్ మంచిది!”

“వరస తెలిస్తే పేరెందుకురా? నన్ను నువ్వు పేరు పెట్టి పిలుస్తున్నావా?”