వ్యయం గడి లేని పంచాంగం

మళ్ళీ ఫ్లెక్సీలు లేచాయి. ఖమ్మంలో బస్సెక్కి భద్రాచలం దాకా లెక్కపెడదామనుకున్నాను; పాల్వంచ దగ్గరే లెక్క తప్పింది. డిసెంబరు 31 రాత్రి ఎవరి మైకు కింద కూర్చోవాలో తేల్చుకోవడమే విశ్వాసికి మొదటి శోధన. ఒకాయనకు ప్రభువు ఇది ‘రెట్టింపు సంవత్సరం’ అన్నాడట. రోడ్డుకు ఇవతలాయనకు ‘విశ్రాంతి సంవత్సరం’ అన్నాడట. మూడో ఆయనకు ‘యుద్ధ సంవత్సరం’. ముగ్గురితో మాట్లాడింది ఒక్క దేవుడే. రెట్టింపు విశ్రాంతి తీసుకుని యుద్ధానికి పొమ్మనేమో మరి.

ఉగాదినాడు రామాలయం వైపు నుంచి పంచాంగ శ్రవణం వినబడితే మనవాళ్ళు చెవులు మూసుకుంటారు. అన్యాచారం కదా! మూడు నెలల ముందు పళ్ళెంలోంచి ఏడాదికో వాక్యం రాసిన వాగ్దానం కార్డు తీసి కళ్ళకద్దుకున్నదీ వీళ్ళే. నాకు పంచాంగం మీద నమ్మకం లేదు గానీ, సిద్ధాంతిగారి నిజాయితీ ఒప్పుకోవాలి. ఆదాయం రెండైతే వ్యయం పద్నాలుగని మొహం మీదే చెప్తాడు. రాజపూజ్యం పక్కనే అవమానమూ వేస్తాడు. మన కార్డులో వ్యయం గడి ఏదండీ? యిర్మీయా గ్రంథమంతా తిరగేసి తియ్యటి ముక్క ఒక్కటి కత్తిరించుకొస్తారు. తక్కిన కన్నీళ్ళన్నీ ప్రెస్సులోనే వదిలేస్తారు.

ప్రెస్సంటే గుర్తొచ్చింది. ఈ కార్డులకు ఆర్డరు అక్టోబరులోనే వెళ్తుంది. అంటే డిసెంబరు 31 అర్ధరాత్రి దేవుడు నాకోసం ప్రత్యేకంగా చెప్పబోయే మాట రెండు నెలల ముందు నుంచే డీటీపీ కుర్రాడికి తెలుసు. అసలు ప్రవక్త వాడే, కానుకలు మాత్రం వాడికి అందవు.

ఒక ఏడు నాకొచ్చిన కార్డులో నేను బయలుదేరి పోతానని ఉంది, మా ఆవిడ కార్డులో ఆమె ఇక్కడే నాటుకుంటుందని ఉంది. విడాకుల వకీలు పంచినట్టున్నాయి. పంచినాయన్ని అడిగితే, “ఆత్మీయంగా అర్థం చేసుకోవాలి బ్రదర్” అన్నాడు.

బిరుదుల జోలికి పోను. నిరుటి బ్రదర్ ఈ ఏడు ప్రవక్త, వచ్చే ఏడు అపొస్తలుడు.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆ జనవరి ఒకటిన మా చేతికొచ్చిన కార్డుల్లో ఒక్కటైనా సామాన్లు సర్దుకోమనలేదు. చెప్పింది నీటిమట్టం కొలబద్ద. 43 దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. దానికి అభిషేకమూ లేదు, సబ్‌స్క్రైబర్లూ లేరు. ఎన్ని అడుగులుంటే అన్నే చెప్పింది. ఈ ఒడ్డుకు సువార్త తెచ్చిన తొలివాళ్ళలో ఒకడైన హేగ్ కూడా 1860 ప్రాంతంలో దుమ్ముగూడెం దగ్గర గోదావరి పనులు చూసిన ఇంజనీరే. నీళ్ళు కొలిచే మనిషి.

ఇక నాకు నవ్వు రావడం లేదు. చర్ల వైపు ఒక గూడెంలో పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆశా కార్యకర్త వచ్చి వేలికొస పొడిచి, చుక్క నెత్తురు పట్టీ మీద వేసి, ఫాల్సిపారం మలేరియా అని మాత్రలిచ్చింది. ఫోనులో దైవజనుడు మాత్రలు అవిశ్వాసమన్నాడు, నూనె రాయమన్నాడు. గుమ్మంలో ఒక గొంతు, ఫోనులో ఒక గొంతు, మధ్యన తల్లి. ఫోను గొంతు ప్రతి మాటకూ ముందు ‘ప్రభువు సెలవిస్తున్నాడు’ అంటోంది. దేవుడి సంతకం ఫోర్జరీ చేసినవాణ్ణి ఏమనాలి? 19వ శతాబ్దంలోనే కోయ భాషలోకి వెళ్ళిన సువార్త లూకాది. ఆ లూకా వైద్యుడయ్యా, వైద్యుడు! రెండో రోజు ఆ తల్లి దైవజనుడికి తెలియకుండా మాత్రలు వేసింది, పిల్ల బతికింది. సాక్ష్యం మాత్రం నూనె పేరు మీద చెప్పించారు.

అడిగితే, అభిషిక్తుణ్ణి ప్రశ్నించకూడదంటారు. ప్రతి ఆత్మనూ నమ్మకండి, పరీక్షించండని యోహాను రాసింది మరి ఎవరికి? ఇశ్రాయేలు రాజు అహాబు కొలువులో 400 మంది ప్రవక్తలు యుద్ధానికి పొమ్మని ఒకే పాట పాడారు. సిద్కియా ఇనుప కొమ్ములు కూడా చేయించుకొచ్చాడు, ఆ రోజుల్లో ఎల్‌ఈడీ స్క్రీను లేదు కాబట్టి. కాదన్న మీకాయాకు చెంపదెబ్బ, జైలు కూడు. రామోత్గిలాదు నుంచి రాజు శవమై తిరిగొచ్చాడు. ఆ 400 మంది తప్పయిందని ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు. మరుసటి ఏడు వాగ్దానాల పనిలో పడి ఉంటారు.

నిరుటి ‘రెట్టింపు సంవత్సరం’ ఫ్లెక్సీ మా వెనక వీధిలో ఒక రైతు మిర్చి కల్లం మీద కప్పి ఉంది. ధర సంగతి ఆయన్ని అడగొద్దు. మొన్నటి జల్లుకు మాత్రం చుక్క నీరు దిగలేదట.