కొలిచే నీళ్లు, తడిపే నీళ్లు

తెలంగాణలోని అయిజ రైతంత అదృష్టవంతుడు ఇంకొకడు లేడు. ఆయన పొలానికి రాని నీళ్లను కొలవడానికి రెండు రాష్ట్రాలు, ఒక బోర్డు, ఒక ఉపగ్రహం కష్టపడుతున్నాయి.

తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట కర్ణాటకలో ఉంది, ఆయకట్టు తెలంగాణలో ఉంది, అభ్యంతరం ఆంధ్రలో ఉంది. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్)లో మనకు 15.9 టీఎంసీలు రాసిచ్చింది, 87,500 ఎకరాలకు. చాలా ఏళ్లు అందులో సగం కూడా రాలేదు. 143 కిలోమీటర్ల కాల్వలో పూడిక మాత్రం ఎవరి వాటా అడగకుండా నిండుగా వచ్చింది. ఆనకట్ట ఆధునికీకరణ పనులు ఆగిపోయాయి. చివరికి తుమ్మిళ్ల దగ్గర మోటార్లు పెట్టి, వాలున రావాల్సిన నీటిని కరెంటు ఖర్చుతో తోడుకుంటున్నాం.

ఇప్పుడు టెలిమెట్రీ అంటున్నారు. మంచిదే. నది మీద రాడార్ సెన్సార్ వేలాడుతుంది, మట్టం చూసి ప్రవాహం లెక్కగడుతుంది, అంకె ఆకాశానికెగిరి కంట్రోల్ రూములో దిగుతుంది. రాజోలిబండ నుంచి అయిజకు నీళ్లు రావడం కన్నా అంతరిక్షం చుట్టి అంకె రావడమే దగ్గర దారి! కృష్ణా బోర్డు తొలి దశ 18 చోట్ల అన్నది, రెండో దశ 9 చోట్ల అన్నది, ఆ రెండో దశ ఏళ్ల తరబడి ఫైళ్లలోనే పారింది. 2025 జూలై 16న ఢిల్లీలో తెలంగాణ, ఆంధ్ర ముఖ్యమంత్రులిద్దరూ కూర్చుని టెలిమెట్రీకి సరేనన్నారు. పంచుకోవడానికి కుదరని మాట కొలుచుకోవడానికి కుదిరింది.

కొలతల్లో మనవాళ్లు గట్టి. తుంగభద్ర డ్యామ్‌లో మట్టం ఎన్ని అడుగులు, ఇన్‌ఫ్లో ఎంత, అన్నీ పేపర్లో వస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది. డెబ్బై ఏళ్ల ఆ గొలుసు అలసట మాత్రం ఏ బులెటిన్‌లోనూ రాలేదు. మిగతా గేట్లూ ఎత్తి నీళ్లు వదిలారు. ఆ నీళ్లన్నీ మన ముందు నుంచే పోయాయి, చక్కగా క్యూసెక్కుల్లో.

వరద సంగతికొస్తే, 2009 అక్టోబరులో అలంపూర్, రాజోలి మునిగాయి. ఇప్పుడు ఫ్లడ్‌వాచ్ యాప్ ఉంది. మిద్దె మీద సిగ్నల్ దొరికితే ఎంత మునిగామో తెలుస్తుంది.

నాదొక మనవి. ఒక్క సెన్సార్ ఆర్డీఎస్ చివరి తూము దగ్గర పెట్టండి. అది సున్నా చూపిస్తే మాత్రం, దయచేసి, యంత్రం చెడిపోయిందని రాసుకోకండి.