మెయిల్ ప్రోగ్రాముల పెద్దలకు విశాఖ మధురవాడ నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ మెయిల్ ప్రోగ్రాములు రాసేవారికి, కొనేవారికి, కస్టమర్ కేర్‌లో బిగించి మరిచిపోయేవారికి నమస్కారములు.

విషయం: మిథిలాపురి కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ లిఫ్ట్, దాని తాలూకు జవాబులు తలో చోట తేలడం గురించి.

సూచిక: మెయిల్ రాతకు నియమాలు చెప్పే కాగితాలు, అంటే 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822, 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322, అర్జీదారు పంపిన మెయిళ్లు (తమకు కనిపిస్తే).

అర్జీదారు సదరు అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి. ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మర్యాద తెలిసినవాడు. మొన్న సోమవారం లిఫ్ట్ అంతస్తుల మధ్య ఆగిపోతే సర్వీసు కంపెనీకి మెయిల్ పెట్టుకున్నాడు. 'మీ ఫిర్యాదు అందింది' అని వచ్చింది. దానికే రిప్లై కొట్టి, కాలిన బోర్డు ఫొటో జతచేశాడు. ఆ రిప్లైకి వేరే ఫిర్యాదు నంబరుతో ఇంకో మెయిల్: 'మీ ఫిర్యాదు అందింది.' ఆ తర్వాత ఫొటో పంపమని మరొకటి. ఫొటో ఆ రిప్లైలోనే ఉంది కదా స్వామీ! అది చూసేవాడొకడు, ఇది రాసేవాడొకడు. నిన్న సాయంత్రం ఆఖరు కబురు: 'మీ నుంచి స్పందన లేనందున ఫిర్యాదు మూసివేయడమైనది.'

స్పందన లేదట!

ఒళ్లు మండి అర్జీదారు, మెయిల్ లోపలి రాతంతా చూపించే 'షో ఒరిజినల్' నొక్కి కూర్చున్నాడు. ప్రతి మెయిల్ నెత్తినా ఉండే హెడర్లలో మెసేజ్-ఐడీ అని ఒకటుంటుంది, లోకంలో ఇంకే మెయిల్‌కీ రాకూడని గుర్తు. జవాబిచ్చే ప్రోగ్రాము చేయాల్సింది రెండే రెండు పనులు. ఇన్-రిప్లై-టు అన్నచోట అసలు మెయిల్ ఐడీ వేయాలి. రెఫరెన్సెస్ అన్నచోట అంతకుముందున్న ఐడీలన్నీ వరసగా దింపి, చివర ఈ ఐడీని తగిలించాలి. అర్జీదారు రిప్లైలో రెండూ ఉన్నాయి. కంపెనీవారి జవాబుల్లో ఒక్కటీ లేదు. లోగో ఉంది. 'చెట్లను కాపాడండి, ఈ మెయిల్ ప్రింటు తీయకండి' అన్న సుభాషితం కూడా ఉంది.

విషయం కింద సూచిక రాయకుండా ఉత్తరం తీసుకెళ్తే అర్జీదారు ఆఫీసు రోజుల్లో సూపరింటెండెంటు మొహాన కొట్టేవాడు. టైపు మిషను ముందు కూర్చున్న గుమాస్తాకి చేతనైన పని తమ సర్వర్లకి బరువైపోయిందా?

1982 కాగితంలోనే ఈ మూడు హెడర్లూ ఉన్నాయి, పెడితే పెట్టొచ్చు అన్నట్టుగా. 2008 కాగితం కొంచెం గట్టిగా 'పెట్టాలి' అంది గానీ 'పెట్టి తీరాలి' అనలేదు. ఆ సందు చాలింది మీకు.

చేతకాని పని అంటే ఒప్పుకోడు అర్జీదారు. నెట్‌స్కేప్ మెయిల్ 2.0, 3.0 రోజుల్లోనే, అంటే 1990లలోనే, జేమీ జవిన్‌స్కీ అనే ఆయన మెయిళ్లని ఒక గొలుసుగా కూర్చే పద్ధతి రాసిపెట్టాడు. మధ్యలో ఒక మెయిల్ డిలీట్ అయిపోయినా ఫర్వాలేదు. తర్వాతవాటి రెఫరెన్సెస్‌లో దాని ఐడీ ఉంటుంది కనుక, అక్కడ ఖాళీ చోటు ఒకటి అట్టేపెట్టి, మిగిలిన జవాబులన్నీ దాని కిందే చేరుస్తుంది. 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5256 ఆ పద్ధతినే ఆధారం చేసుకుని ఐమ్యాప్ సర్వర్లకి ప్రమాణం ఏర్పరచింది. పోయినదానికే చోటు అట్టేపెట్టగలిగినప్పుడు, ఎదురుగా ఉన్న మెయిల్‌ని గుర్తుపట్టకపోవడం ఏం రోగం?

హెడర్లు లేకపోతే కొన్ని ప్రోగ్రాములు సబ్జెక్టు చూసి అతికిస్తాయి. అదింకో తద్దినం. సంఘం నోటీసులన్నిటికీ సబ్జెక్టు 'మెయింటెనెన్స్' అనే ఉంటుంది; పోయినేటి బాకీలూ ఈ నెల నీళ్ల ట్యాంకూ ఒకే కుప్పలో పడ్డాయి. రిప్లై సబ్జెక్టు ముందు జర్మన్ ప్రోగ్రాము 'ఏడబ్ల్యూ' అని, స్వీడిష్‌ది 'ఎస్‌వీ' అని తగిలిస్తాయి, ఎన్నారై ఓనర్లున్న ఇంట్లో ఆ సంబరం చూడాలి. ఔట్‌లుక్‌కి థ్రెడ్-ఇండెక్స్ అని సొంత హెడరు, మొదట 22 బైట్లు, జవాబు జవాబుకీ మరో 5. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చినప్పట్నుంచీ మెయిళ్లని సంభాషణలుగా చూపిస్తోంది, సంతోషమే. సబ్జెక్టు మారినా, వంద మెయిళ్లు దాటినా అదీ గొలుసు తెంపేస్తుంది.

పనిలో పని, కంపెనీలు వాడే 'నో-రిప్లై' చిరునామా ఎవరి బుర్రలో పుట్టిందో సెలవివ్వండి. జవాబివ్వకూడని చోటునుంచి ప్రశ్నలెందుకు అడుగుతారు? పోనీ మనిషితో మాట్లాడదామని కార్‌షెడ్ జంక్షన్‌లో సర్వీసు కంపెనీ ఆఫీసు దాకా పోతే, అక్కడి కుర్రాడు తలెత్తకుండా 'మెయిల్ పెట్టండంకుల్' అన్నాడు.

ఇక ఏఐ ముచ్చట. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ఋషికొండ ఐటీ కొండ మీద పనిచేసే మేనల్లుడు మురిసిపోతూ, 'మావయ్యా, ఇకమీదట ఏఐయే మెయిళ్లన్నీ చదివి సారాంశం చెప్పేస్తుంది' అన్నాడు. సారాంశం ఎవడిక్కావాలి నాయనా, ఆ ఐడీ ఒక్కటి కిందికి దింపమను!

కోపంలో మాట తూలితే మన్నించండి. పాతవన్నీ వదిలేయండి, నంబర్లన్నీ కలిపి ఒకటి చేయమని కూడా అడగడం లేదు. దీనికి జవాబు రాసేటప్పుడు మాత్రం దయచేసి కొత్త మెయిల్ తెరవకండి, 'రిప్లై' నొక్కండి. నాలుగో అంతస్తు మామ్మగారికి గురువారం కంటి ఆపరేషను. మెకానిక్ ఏ వేళకి వస్తాడో ఆ రిప్లైలోనే ఒక్క ముక్క రాయండి బాబూ.

ఇట్లు,
అర్జీదారు